అప్పు తీరేదాకా నీరుంటుందా? – బ్యాంకింగు విద్యలో సుస్థిరత పాఠం



శాఖలో మీ దరఖాస్తును పరిశీలించే అధికారి ఏ కళాశాలలో ఏమి చదువుకున్నాడో అన్న ఆలోచన మీకు ఎన్నడూ వచ్చి ఉండదు. సకాలంలో రుణం అందితే చాలు, ఆయన చదువుతో మనకేమి నిమిత్తమని అనుకుంటాము. అయితే ఆయన మిమ్ములను ఏ ప్రశ్న అడుగుతాడో, ఏ ప్రశ్న అడగకుండానే సంతకం పెడతాడో చాలావరకు ఆ తరగతి గదిలోనే నిశ్చయమై ఉంటుంది. అడగని ప్రశ్నకు మూల్యం చెల్లించేది మాత్రం మీరు. అందుచేత ఈ సంచికలో మిమ్ములను ఒక తరగతి గదిలోకి తీసుకొని వెళుతున్నాము. విశ్వవిద్యాలయాల బ్యాంకింగు, ఆర్థిక పాఠ్యక్రమాలలోకి వచ్చి చేరుతున్న 'సుస్థిరత' అనే విషయాన్ని ఎలా బోధించవలసి ఉన్నదో, దానికీ మీ అప్పుకూ ఏమి సంబంధమో చూద్దాము.

మాట గంభీరమైనది గాని అర్థం మనకు కొత్త కాదు. నిజం నిలకడ మీద తెలుస్తుందని అంటాము. ఆ నిలకడే ఇది. ఐక్యరాజ్యసమితి ఏర్పరచిన బ్రంట్‌లాండ్ సంఘం 1987లో తన నివేదికలో చెప్పిన భావం స్థూలంగా ఇంతే: రాబోయే తరాల అవసరాలకు లోటు రాకుండా నేటి అవసరాలు తీర్చుకోవడం. విత్తనపు గింజలను తిని కూర్చోకూడదని తెలిసిన రైతుకు దీనిని వేరే వివరించనక్కరలేదు. బ్యాంకు భాషలోకి దించితే ఇది ఒక్క ప్రశ్న అవుతుంది. వాయిదాలు ఎన్నేళ్లు కట్టాలో, ఆ వాయిదా సొమ్మును పుట్టించే వనరు అన్నేళ్లూ నిలుస్తుందా?

జంషెడ్‌పూర్ తరగతి గది

ఈ పాఠానికి జంషెడ్‌పూర్‌ను ఎంచుకోవడానికి కారణం ఉన్నది. సువర్ణరేఖ, ఖర్కాయి నదులు కలిసే చోట వెలసిన ఈ ఉక్కు నగరం తెలుగువారికి పరాయిది కాదు. ఉత్తరాంధ్ర పల్లెల నుంచి రైలెక్కి కర్మాగారంలో పనికి వెళ్లిన కుటుంబాలు కదమా, బిష్టుపూర్ ప్రాంతాలలో స్థిరపడ్డాయి. బిష్టుపూర్‌లో తెలుగువారి రామమందిరం నేటికీ ఉన్నది. 2000 నవంబరు 15 వరకు బీహారులో ఉన్న ఈ ఊరు ఇప్పుడు జార్ఖండ్ రాష్ట్రంలోనిది.

బ్యాంకింగు చదివేవారికి ఈ ఊరి చరిత్రలోనే ఒక మంచి పాఠం దొరుకుతుంది. 1907లో టాటా ఉక్కు సంస్థ ఏర్పడినప్పుడు లండన్ బజారులో మూలధనం పుట్టలేదు. స్వదేశంలో వాటాలు అమ్మకానికి పెడితే సుమారు 8,000 మంది మూడు వారాలలో కావలసిన సొమ్ము సమకూర్చారు. 1912లో తొలి ఉక్కు తయారైనది. మొదటి ప్రపంచ యుద్ధం తరువాత ధరలు పడిపోయి, 1924 నాటికి జీతాలు ఇవ్వడమే కష్టమైనది. అప్పుడు సర్ దొరాబ్జీ టాటా తన సొంత ఆస్తిని, భార్య మెహెర్‌బాయి ధరించే జూబిలీ వజ్రంతో సహా ఇంపీరియల్ బ్యాంకు వద్ద కుదువ పెట్టి కోటి రూపాయలు రుణం తెచ్చారు. 1955లో భారతీయ స్టేట్ బ్యాంకుగా మారినది ఆ ఇంపీరియల్ బ్యాంకే.

విద్యార్థులకు ఈ కథ చెప్పి ఒక ప్రశ్న వేయవచ్చును. బ్యాంకుకు ధైర్యమిచ్చినది వజ్రమే కావచ్చును, కాని ఆ బాకీని తీర్చినది ఏది? గనిలోని ఇనుప ఖనిజం, బొగ్గు, నదిలోని నీరు, కొలిమి ముందు నిలిచిన కార్మికుల శ్రమ. కుదువ పత్రంలో వజ్రానికి చోటు ఉంటుంది గాని నదికి ఉండదు.

అదే ఊరిలో ఎక్స్.ఎల్.ఆర్.ఐ. అనే ప్రసిద్ధ మేనేజ్‌మెంటు విద్యాసంస్థ ఉన్నది. 1949లో ఫాదర్ క్విన్ ఎన్‌రైట్ అనే జెస్యూట్ గురువు దీనిని స్థాపించారు. కార్మికులకు, యాజమాన్యాలకు మధ్య సంబంధాల అధ్యయనం కోసం పుట్టిన సంస్థ క్రమంగా వ్యాపార నిర్వహణను, ఆర్థిక విషయాలను కూడా బోధిస్తూ వచ్చినది. 1991లో జె.ఆర్.డి. టాటా పేరిట వ్యాపార నీతికి సంబంధించిన ఫౌండేషన్ ఇక్కడ నెలకొన్నది. ఫాదర్ అరుపే పేరిట పర్యావరణ, సుస్థిరతా కేంద్రం ఒకటి పనిచేస్తున్నది. విద్యార్థులను పల్లెలకు పంపే గ్రామ పరిచయ కార్యక్రమం కూడా ఉన్నది.

కొద్ది రోజులలో పల్లె అర్థమవుతుందా అని మీరు నవ్వవచ్చును. అర్థం కాదు. ఇటువంటి సంస్థల నుంచి వెలుపలికి వచ్చేవారిలో గ్రామీణ శాఖకు వచ్చేవారు కూడా బహు కొద్దిమంది. కాని శాఖలకు పంపే రుణ విధానాలను రాసే బల్లల వద్ద కూర్చునేది తరచుగా ఇటువంటివారే. కుళాయి తిప్పితే నీళ్లు వచ్చే ఇంట పెరిగినవాడు ఎండిన చెరువు గట్టు మీద ఒక్క పూట నిలబడి వచ్చినా, 'వర్షాధారం' అనే మాట మునుపటి వలె చదవలేడు.

రెండు పేపర్లు, నడుమ గోడ

మన కళాశాలల సంగతి చూద్దాము. సర్వోన్నత న్యాయస్థానం 1991లోను, మరల 2003లోను ఇచ్చిన ఆదేశాల ఫలితంగా డిగ్రీ విద్యార్థులందరికీ పర్యావరణ అధ్యయనం తప్పనిసరి అయినది. వాణిజ్యశాస్త్ర విద్యార్థి కూడా దానిని చదువుతాడు. ఒక పరీక్షలో అడవుల నరికివేత గురించి, భూగర్భ జలాల క్షీణత గురించి రాస్తాడు. మరొక పరీక్షలో రుణ మంజూరు సూత్రాల గురించి రాస్తాడు. మొదటి పేపరులో రాసిన నీరే రెండవ పేపరులోని బాకీని తీర్చవలసి ఉన్నదని అతనికి ఎవరూ చెప్పరు. రెండింటిలోనూ ప్రథమ శ్రేణిలో ఉత్తీర్ణుడవుతాడు!

ప్రపంచంలో కదలిక లేకపోలేదు. బాధ్యతాయుతమైన మేనేజ్‌మెంటు విద్య కోసం ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యంలో 2007లో కొన్ని సూత్రాలు వెలువడ్డాయి. భారతీయ రిజర్వు బ్యాంకు 2021లో వివిధ దేశాల కేంద్ర బ్యాంకులు పర్యావరణ విషయమై ఏర్పరచుకొన్న కూటమిలో చేరి, 2022 జూలైలో వాతావరణ ముప్పుపై ఒక చర్చా పత్రం విడుదల చేసినది. 2023 జూన్ 1 నుంచి 'హరిత డిపాజిట్ల'కు నియమావళి అమలులోకి వచ్చినది. ఇవన్నీ పాఠ్యపుస్తకాలలోకి చేరుతున్నాయి. మా భయమల్లా, సుస్థిరత మూడవ పేపరుగా మారి, నడుమ ఇంకొక గోడ లేస్తుందేమోనని. దాని స్థానం రుణ పరిశీలన పాఠంలోనే, తిరిగి చెల్లింపు సామర్థ్యం లెక్కించే పుటలోనే.

తనఖా పనిచేయని చోట ఈ విషయం మరింత స్పష్టమవుతుంది. జంషెడ్‌పూర్ చుట్టుపట్ల పల్లెలలో సంతాల్, హో, భూమిజ్ గిరిజనులు నివసిస్తున్నారు. 1908 నాటి ఛోటానాగపూర్ కౌలు చట్టం వారి భూమి ఇతరుల పాలు కాకుండా ఆంక్షలు పెట్టినది. మన అరకు, పాడేరు, భద్రాచలం ఏజెన్సీలలో 1/70 చట్టం చేసే పని వంటిదే అది. ఆ భూమిని వేలం వేసి బాకీ రాబట్టుకోవడం బ్యాంకుకు సులభం కాదు. అటువంటి చోట అధికారి భూమి వెలను గాక, భూమి ఫలాన్ని చూడవలసిందే. వాన ఎంత, నేలలో నిలిచే తడి ఎంత, చెట్టు ఎన్నేళ్లు కాస్తుంది, పశువుకు మేత ఉన్నదా అని విచారించవలసిందే. మైదానంలో తనఖా ఉన్నదన్న ధీమా ఈ విచారణను మరపిస్తుంది. భూమి పత్రాలు బీరువాలో భద్రంగా ఉంటాయి, బావి ఎండిపోతుంది.

డార్క్ ఏరియా నేర్పిన పాఠం

సుస్థిరత అనే మాట వినబడక ముందే మన గ్రామీణ బ్యాంకింగులో ఆ పరీక్ష ఒకటి ఉండేది. 1984 నాటి భూగర్భజల అంచనా పద్ధతి ప్రకారం, ఏటా భూమిలోకి ఇంకే నీటిలో 65 శాతం లోపు వాడే ప్రాంతాలు తెలుపు, 65 నుంచి 85 శాతం వరకు బూడిద, అది దాటితే డార్క్. 1982లో ఏర్పడిన నాబార్డు బావులకు, బోర్లకు రీఫైనాన్సు ఇచ్చేందుకు ఈ వర్గీకరణను చూసేది. "మీది డార్క్ ఏరియా, బోరుకు రుణం రాదు" అన్న మాట మీలో పెద్దవారు విని ఉంటారు. 1997 తరువాత పేర్లు మారాయి. సురక్షిత, పాక్షిక సంక్లిష్ట, సంక్లిష్ట, అతి వినియోగ ప్రాంతాలని అంటున్నారు.

లెక్క సరియైనదే. కాని ఫలితం? బ్యాంకు కాదన్నంత మాత్రాన రైతు బోరు వేయడం మానలేదు. పంపుసెట్టు డీలరు వద్ద అరువు, వడ్డీ వ్యాపారి వద్ద చేబదులు, ఇంట్లో బంగారం – ఏదో ఒకటి ఆసరా అయినది. నీరు మిగలలేదు, వడ్డీ మాత్రం పెరిగినది. రాయలసీమలోను, తెలంగాణ మెట్ట జిల్లాలలోను ఒకే చేనులో రెండు మూడు విఫలమైన బోర్లు ఉన్న రైతులు ఎందరో మీకు తెలుసు. తిరస్కరించి ఊరుకోవడాన్ని సుస్థిరత అని తరగతిలో బోధిస్తే అది సగం పాఠమే. "బోరుకు వద్దు, మరి దేనికి ఇస్తాము?" అన్నది మిగిలిన సగం. ఉన్న నీటితో బిందు సేద్యం, ఇద్దరు ముగ్గురు రైతులు కలిసి ఒకే బోరును పంచుకోవడం, వరికి బదులు ఆరుతడి పంట, ఇంకుడు కుంట – వీటికి రుణం రూపొందించగలిగినవాడే చదువుకున్న బ్యాంకరు.

ఇప్పుడు పలక పట్టండి. ఇది ఉదాహరణ కోసం వేసిన లెక్క. ఒక రైతు బోరు, మోటారు కోసం రూ.1,50,000 రుణం తీసుకొన్నాడు. వడ్డీ 10 శాతం, గడువు 7 సంవత్సరాలు, ఏటా సమాన వాయిదా. వాయిదా సుమారు రూ.30,800 అవుతుంది. నీరు బాగున్నంత కాలం అదనపు ఆదాయం ఏటా రూ.50,000. అధికారి ఆదాయాన్ని వాయిదాతో భాగిస్తాడు. ఒకటిన్నరకు మించి వచ్చినది కాబట్టి సంతృప్తితో మంజూరు చేస్తాడు.

నాలుగేళ్ల తరువాత నీటిమట్టం పడిపోయి, ఆదాయం సగానికి, అంటే రూ.25,000కు తగ్గినదనుకోండి. ఏడేళ్ల సగటు తీస్తే ఏటా సుమారు రూ.39,300 వస్తుంది. వాయిదా కంటే ఎక్కువే! కాగితం మీద రుణం బాగానే ఉన్నది. కాని అయిదవ ఏట రైతు చేతిలో ఉన్నది రూ.25,000 మాత్రమే. వాయిదాకు రూ.5,800 తక్కువ, తిండికి ఏమీ లేదు. అప్పటికి అతడు నాలుగు వాయిదాలలో రూ.1,23,200 చెల్లించాడు. అయినా సుమారు రూ.76,600 అసలు మిగిలే ఉన్నది. సగటు లోతు మోకాటి బంటి అని విని ఏటిలో దిగినవాడి వంటిది అతని స్థితి. మంజూరు పత్రంలో మొదటి సంవత్సరం ఆదాయాన్నే ఏడు గడులలోనూ నింపిన అధికారిని ఎవరూ తప్పుపట్టరు. అతనికి నేర్పిన పద్ధతి అదే.

ఆ పద్ధతిలోనే మరొక సూత్రం ఉన్నది. రాబోయే సొమ్మును నేటి విలువకు తగ్గించి చూడటం ఆర్థిక శాస్త్రంలో తొలి పాఠాలలో ఒకటి. 12 శాతం రేటున, పదేళ్ల తరువాత వచ్చే 100 రూపాయల నేటి విలువ సుమారు 32 రూపాయలు. ఇరవై ఏళ్ల తరువాత వచ్చే 100 రూపాయలకు 10 రూపాయలే. సొమ్ము విషయంలో ఇది న్యాయమే. నీటికి, మట్టికి ఇదే సూత్రం యథాతథంగా వర్తింపజేస్తే మీ మనుమడి బావిలోని నీరు రూపాయికి పది పైసల లెక్కన తేలుతుంది. ఆ రేటు ఎంత ఉండాలన్నది నేటికీ ఆర్థికవేత్తలు తెగని వాదం చేసుకొంటున్న విషయం. దానిని ఉపాధ్యాయుడు పరీక్షకు వచ్చే సూత్రంగా గాక వాదంగానే బోధించాలి.

సూర్యుడు ఉచితమే, నీరు కాదు

డీలరు మిత్రులు ఈ భాగాన్ని శ్రద్ధగా చదవగలరు. రిజర్వు బ్యాంకు చర్చా పత్రం ముప్పును రెండు రకాలుగా విభజించినది. తుపాను, కరువు, వరద వంటివి భౌతికమైన ముప్పు. 2018 అక్టోబరు 11న పలాస సమీపంలో తీరం దాటిన తిత్లీ తుపాను ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలను నేలమట్టం చేసినది. కొబ్బరి మొక్క మరల నాటితే కాపుకు రావడానికి ఆరేడేళ్లు పడుతుంది. తోట మీద తెచ్చిన అప్పు ఆరేడేళ్లు ఆగదు.

రెండవది మార్పు వలన వచ్చే ముప్పు. చట్టం, సాంకేతికత, గిరాకీ మారినప్పుడు నిన్నటి సరుకు నేడు చెల్లదు. జంషెడ్‌పూర్ పక్కనే ఉన్న ఆదిత్యపూర్‌లో పెద్ద కర్మాగారాలకు విడిభాగాలు చేసే చిన్న పరిశ్రమలు అనేకం. ఉక్కు తయారీలో వెలువడే కర్బనంపై ఐరోపా సమాఖ్య సరిహద్దు సుంకానికి 2023 అక్టోబరులో నాంది పలికినది. దాని భారం పెద్ద సంస్థ మీద పడినప్పుడు దానినే నమ్ముకొన్న చిన్న షెడ్డు యజమాని రుణం ఏమవుతుంది? మీ దుకాణానికి వస్తే, గోదాములోని డీజిలు పంపుసెట్లు ఆ షెడ్డు వంటివే. ఊరిలో సౌర పంపులు పెరిగిన కొద్దీ ఆ సరుకు కదలదు. క్యాష్ క్రెడిట్ ఖాతాకు ఇచ్చే స్టాకు స్టేట్‌మెంటులో మాత్రం కొన్న ధరకే కనబడుతుంది. ఆ అంకెలను చూసి బ్యాంకు డ్రాయింగ్ పవర్ ఇస్తుంది. ఒకనాటికి సరుకు విలువ, అప్పు విలువ వేరైపోతాయి. స్టేట్‌మెంటులో కదలని సరుకును విడిగా చూపడం మీకే క్షేమం.

అయితే సౌర పంపుకు ఇచ్చిన ప్రతి రుణమూ సుస్థిరమైనదేనా? మా అభిప్రాయంలో తరగతిలో చర్చకు ఇంతకన్న మంచి ప్రశ్న లేదు. 2019లో ఆరంభమైన పి.ఎం. కుసుమ్ పథకం నిబంధనలలో విడి సౌర పంపుకు సాధారణంగా కేంద్రం 30 శాతం, రాష్ట్రం 30 శాతం భరిస్తే, మిగిలిన 40 శాతంలో 30 వరకు బ్యాంకు రుణంగా పొందే వీలు కల్పించారు. డీజిలు ఖర్చు లేదు, పొగ లేదు. ఖర్చు లేదు గనుకనే పగలంతా మోటారు తిరుగుతుంది, నీటిమట్టం ఇంకా దిగుతుంది. ఇది ఊహించే ఆ నిబంధనలలో డార్క్ ప్రాంతాలకు కొత్త సౌర పంపులు కాదని, ఉన్న డీజిలు పంపులను మాత్రమే, అదీ సూక్ష్మ సేద్యంతో, మార్చవచ్చునని చేర్చారు. హరిత రుణమన్న ముద్ర చూసి మురిసిపోకుండా బావిలోకి తొంగి చూడమని విద్యార్థికి నేర్పాలి.

పరిశోధన ఎక్కడ ఉన్నది?

పరిశోధన అనగానే విదేశీ పత్రికలు, పెద్ద పెద్ద సమీకరణాలు గుర్తుకు వస్తాయి. మన ప్రాంతానికి కావలసిన పరిశోధనకు ముడిసరుకు మీ శాఖలోనే ఉన్నది. ఏ గ్రామంలో, ఏ సంవత్సరం ఇచ్చిన బోరు రుణం ఎన్నవ వాయిదా వద్ద ఆగిపోయినదో బ్యాంకు ఖాతాలు చెబుతాయి. అదే మండలంలో పీజోమీటర్ల ద్వారా కొలిచిన నీటిమట్టం భూగర్భజల శాఖ వద్ద ఉంటుంది. ఈ రెండు పుస్తకాలను పక్కపక్కన పెట్టి చదివితే, నీరు ఎన్ని మీటర్లు దిగితే బాకీలు మొండిబారుతున్నవో తెలుస్తుంది. ఖాతాదారుల పేర్లు గోప్యంగా ఉంచి ఈ పని చేయడానికి బ్యాంకులు, విశ్వవిద్యాలయాలు చేతులు కలపాలి. ఒక ఎం.బి.ఏ. విద్యార్థి ప్రాజెక్టు పనికి ఇంతకంటే ఏమి కావాలి?

రైతులు ఇటువంటి లెక్క చేయలేరన్న అపోహ కూడా వద్దు. అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, మహబూబ్‌నగర్, నల్లగొండ, ప్రకాశం జిల్లాలలో 2003 తరువాత కొన్నేళ్లు రైతుల యాజమాన్యంలో భూగర్భజల నిర్వహణ పథకం ఒకటి నడిచినది. ఆహార వ్యవసాయ సంస్థ దానికి తోడ్పడినది. ఆరు వందలకు పైగా గ్రామాలలో రైతులే, వారిలో అక్షరాస్యులు కానివారు కూడా, వాన కొలిచారు, బోర్లలో నీటిమట్టం కొలిచారు, రబీకి ముందు ఊరంతా కూర్చుని ఎంత నీరున్నదో, ఏ పంటకు ఎంత కావాలో లెక్కగట్టారు. ఫలానా పంట వేయవద్దని ఎవరినీ నిర్బంధించలేదు. లెక్క గోడ మీద అందరికీ కనబడేది. పంట ఎంపిక ఎవరిష్టం వారిది. చాలామంది నీరు తక్కువ తాగే పంటలకు మళ్లారు. ఏ విశ్వవిద్యాలయమైనా ఈ గోడను తన పాఠ్యప్రణాళికలో చేర్చుకోవచ్చును. గ్రామీణ బ్యాంకు అధికారులు శిక్షణ పొందే పుణే వ్యవసాయ బ్యాంకింగు కళాశాల, లక్నోలోని నాబార్డు సంస్థ బర్డ్ వంటి చోట్ల రైతు స్వయంగా వచ్చి ఒక పూట పాఠం చెప్పినా తప్పులేదు.

ఇంటి అభ్యాసం

ఒక తెల్లకాగితం మీద మీ రుణ గడువు ఎన్నేళ్లో అన్ని గడులు గీయండి. ప్రతి గడిలో పైన వాయిదా, కింద ఆ ఏట రాగల ఆదాయం రాయండి. మొదటి ఏటి అంకెను అన్ని గడులకూ ఎక్కించవద్దు. గడచిన అయిదేళ్లలో మీ బోరు ఎన్ని అడుగులు దిగినదో, వేసవిలో ఎన్ని గంటలు నీరు పోసినదో గుర్తున్నంతవరకు పక్కన రాయండి. ఇకమీదట నెలకొకసారి తాడు దించి కొలిచి, తేదీతో పుస్తకంలో ఎక్కించండి. డీలర్లు ఇదే కాగితం మీద గోదాములోని ఒక్కొక్క రకం సరుకును, అది చివరిసారి ఎప్పుడు అమ్ముడుపోయినదో రాసుకోగలరు. ఏ గడిలో ఆదాయం వాయిదా కంటే తక్కువ పడినదో దాని చుట్టూ గీత గీసి, ఆ కాగితాన్ని దరఖాస్తుకు జతచేసి, ఆ ఏడు కోసం వాయిదాను ఎలా అమరుస్తారో అధికారిని అడగండి. ఆయన వద్ద సిద్ధంగా సమాధానం లేకపోతే కంగారుపడవద్దు. కూర్చోమనండి, ఇద్దరూ కలిసి రెండవ కాగితం గీయండి.